వేసవి సెలవుల్లో ఉద్యోగం వెతుక్కునే పిల్లలకు: ముందు నోట్‌బుక్, తర్వాత ఉత్తరం

"ఆంటీ, ఇరవై రెండు చోట్లకు పంపాను. ఒక్కరూ జవాబివ్వలేదు" అంటూ మా పక్క బ్లాకు అమ్మాయి తన ఫోను నా చేతిలో పెట్టింది. పదో తరగతి పరీక్షలు అయిపోయి రెండు వారాలైంది. బెంగళూరు రామ్మూర్తి నగర్‌లో మా అపార్ట్‌మెంట్‌లో ఏటా ఏప్రిల్ వచ్చేసరికి ఇలా ఇద్దరు ముగ్గురు పిల్లలు మా తలుపు తడతారు. నేను పనిచేసే ట్రైనింగ్ సెంటర్‌లో సమ్మర్ క్యాంపు హెల్పర్ల కోసం వచ్చే ఉత్తరాలు ముందు నా టేబుల్ మీదికే వస్తాయని వాళ్లకు తెలుసు.

ఉత్తరం చదివాను. ఇంగ్లీషులో ఉంది, తప్పుల్లేవు. "గౌరవనీయులైన సర్ లేదా మేడమ్, నేను కష్టపడి పనిచేసే, క్రమశిక్షణ గల విద్యార్థినిని. మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో అవకాశం ఇస్తే నా నైపుణ్యాలు పెంచుకుంటాను" అని సాగింది. ఆ ఇరవై రెండు చోట్లు ఏవేవమ్మా అని అడిగాను. పదకొండు చెప్పగలిగింది. మిగతావి వాట్సాప్‌లో ఎక్కడో ఉన్నాయంది. ఒక బేకరీకి మర్చిపోయి రెండుసార్లు వెళ్లిందట. అవెన్యూ రోడ్డులో ఒక పుస్తకాల షాపాయన "వచ్చే సోమవారం ఫోన్ చెయ్యమ్మా" అన్నాడట. ఆ సోమవారం దాటిపోయి నాలుగు రోజులైంది.

ఉత్తరం చప్పగా ఉండటం, లిస్టు లేకపోవడం వేర్వేరు లోపాలు కావు. ఏ చోటు గురించీ ఏమీ రాసిపెట్టుకోలేదు, అందుకే ఏ ఉత్తరంలోనూ ఆ చోటుకు చెప్పే మాట లేదు. పుస్తకాల షాపుకీ, బేకరీకీ, డ్యాన్స్ క్లాసుకీ ఒకటే ఉత్తరం వెళ్లింది. కాబట్టి ఈ మార్గదర్శిలో నేను నోట్‌బుక్‌తో మొదలుపెడతాను. అది సరిగ్గా ఉంటే ఉత్తరం సగం రాసినట్టే.

అంతకంటే ముందు చట్టం ఒకసారి చూద్దాం, ఎందుకంటే ఏ చోట్లకు వెళ్లాలో, ఏ టైమింగ్స్ అడగాలో అదే తేల్చేస్తుంది.

వయసు, పని గంటలు

మన దేశంలో 1986 నాటి బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించారు. ఇప్పుడున్న ప్రకారం 14 ఏళ్లు నిండని పిల్లల్ని ఉద్యోగంలో పెట్టుకోకూడదు. సొంత కుటుంబం నడిపే పనిలో బడి అయ్యాక, సెలవుల్లో సాయం చేయడం లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. 14 నిండి 18 నిండని వాళ్లు పని చేయొచ్చు, కానీ గనుల్లో, పేలుడు పదార్థాలు, మండే పదార్థాలు ఉండే చోట, ప్రమాదకరమైన ప్రక్రియల్లో పెట్టకూడదు.

ఈ వయసువాళ్లకు పని గంటలు కూడా ఆ చట్టమే చెబుతుంది. ఏకబిగిన మూడు గంటలకు మించి పని చేయించకూడదు, ఆ తర్వాత కనీసం ఒక గంట విశ్రాంతి ఇవ్వాలి. ఆ విశ్రాంతితో కలిపి రోజు మొత్తం ఆరు గంటలు దాటకూడదు. రాత్రి 7 నుంచి ఉదయం 8 వరకు పని ఉండకూడదు. ఓవర్‌టైమ్ లేదు. వారానికి ఒక రోజు పూర్తి సెలవు ఉండాలి. ఒకే రోజు రెండు చోట్ల పనిచేయడం కూడా కుదరదు.

దీన్నిబట్టి, హోటల్లో రాత్రి పది దాకా ఉండే షిఫ్ట్ మీకు కాదు. పటాసుల షాపు కాదు, పెట్రోలు బంకు కాదు. డెలివరీ పని కూడా కాదు: మామూలు స్కూటర్ లైసెన్సుకు 18 నిండాలి. స్నేహితుడు అన్నయ్య పేరు మీద ఐడీ పెట్టి తిరుగుతున్నాడని వింటాం. రోడ్డు మీద ఏదైనా జరిగితే ఆ ఐడీ ఎవరినీ ఆదుకోదు, దయచేసి ఆ వైపు వెళ్లకండి.

మిగిలేవి చాలానే ఉన్నాయి. స్కూళ్లు తెరిచే ముందు అవెన్యూ రోడ్డులోనూ, పేటల్లోని స్టేషనరీ షాపుల్లోనూ టెక్స్ట్‌బుక్కులు, నోట్‌బుక్కుల రద్దీ మొదలవుతుంది. యూనిఫాం షాపులదీ అదే సీజన్. అపార్ట్‌మెంట్లలో సమ్మర్ క్యాంపులు, చిన్నపిల్లల డ్రాయింగ్ క్లాసులు, కాలనీ లైబ్రరీలు, డెంటల్ క్లినిక్కుల ఫ్రంట్ డెస్కులు, బేకరీ కౌంటర్లు ఉన్నాయి. లాల్‌బాగ్ మామిడి మేళా రోజుల్లో స్టాళ్ల దగ్గర లెక్కలు చూసే మనిషి కావాల్సి వస్తుంది. ఫోన్ వాడటం రాని పెద్దవాళ్లకు అది నేర్పించే పని కూడా మా బ్లాకులో ఒక అబ్బాయి చేసుకున్నాడు.

ఒక మాట ప్రత్యేకంగా. ఇంట్లో తెలుగు మాట్లాడటాన్ని మన పిల్లలు బెంగళూరులో ఒక అర్హతగా అనుకోరు, ఉత్తరంలో రాయరు. చిక్‌పేట, అవెన్యూ రోడ్డు షాపులకు హిందూపురం, అనంతపురం, మదనపల్లె వైపు నుంచి వచ్చే కొనుగోలుదారులు ఎప్పటినుంచో ఉన్నారు. కన్నడలో లెక్క చెప్పి, తెలుగులో బేరం విని, ఇంగ్లీషులో బిల్లు రాయగలిగే పిల్ల కౌంటర్ దగ్గర ఎంత ఉపయోగమో ఆ యజమానులకు బాగా తెలుసు.

నోట్‌బుక్: ఒక చోటుకి ఒక పేజీ

200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొనండి. గూగుల్ షీట్ బాగా అలవాటైతే అదే వాడుకోవచ్చు, కానీ పదహారేళ్ల పిల్లలకు నేను కాగితమే సిఫారసు చేస్తాను. షాపులోంచి బయటికి రాగానే మెట్ల మీద నిలబడి రెండు లైన్లు రాసుకోవచ్చు. ఫోను తీస్తే ముందు ఇన్‌స్టాగ్రామ్ కనబడుతుంది, రాయాల్సింది మర్చిపోతాం. షీట్ అయినా కాగితమైనా ఒక్కటే ఉండాలి. సగం నోట్‌బుక్‌లో, సగం వాట్సాప్‌లో, నాలుగు స్క్రీన్‌షాట్లలో ఉంటే ఏదీ లేనట్టే.

ఒక్కో చోటుకి ఒక్కో పేజీ. పైన బోర్డు మీద ఎలా ఉందో అలాగే పేరు, స్పెల్లింగ్‌తో సహా. కింద అడ్రసు, ఇంటి నుంచి ఎలా వెళ్లాలి, ఎంతసేపు, రానూ పోనూ ఎంత ఖర్చు. ఎవరితో మాట్లాడాం, వాళ్లను అక్కడ ఏమని పిలుస్తున్నారు. వాళ్లు అన్న మాట, వాళ్ల మాటల్లోనే. మళ్లీ ఎప్పుడు కదిలించాలి, తేదీతో. ఇవన్నీ మామూలు సంగతులే. అసలైనది ఇంకొకటుంది, దానికి పేజీలో సగం వదలండి: "నేను అక్కడ చూసింది".

పక్క బ్లాకు అమ్మాయితో ఆ పుస్తకాల షాపుకు మళ్లీ వెళ్లిరమ్మని చెప్పాను. ఏమీ అడగొద్దు, ఒక పెన్ను కొనుక్కుని పది నిమిషాలు నిలబడి చూసి రమ్మన్నాను. ఆ రోజు ఆమె రాసిన పేజీ ఇలా ఉంది:

"ఏప్రిల్ 17, ఉదయం 11:20. బెన్నిగానహళ్లి నుంచి మెట్రో పర్పుల్ లైన్, మెజెస్టిక్‌లో మారి గ్రీన్ లైన్‌లో చిక్‌పేట, అక్కడి నుంచి నడక. ఇంటి నుంచి గంటా పది నిమిషాలు. కౌంటర్లో ఇద్దరే. అంకుల్ బిల్లు రాస్తున్నారు, ఇంకొక అన్న నిచ్చెన ఎక్కి పుస్తకాలు దించుతున్నాడు. ఒక అమ్మ కాగితం మీద లిస్టు తెచ్చారు, ఐదో తరగతి, సీబీఎస్ఈ. అన్న స్టేట్ సిలబస్ పుస్తకాలు దించాడు, మళ్లీ పైకెక్కాడు. వెనక ఆరుగురు నిలబడ్డారు. ఇద్దరు తెలుగులో మాట్లాడుకుంటున్నారు, విసుగొచ్చి వెళ్లిపోయారు."

ఈ పేజీ చదివితే ఆ షాపుకు ఏ మనిషి కావాలో తెలిసిపోతుంది. లిస్టు ముందే చూసి, ఏ సిలబస్సో అడిగి, తరగతి వారీగా చీటీ రాసి నిచ్చెన దగ్గరున్న అన్నకు అందించే మనిషి. పదో తరగతి ఇప్పుడే దాటిన ఈ పిల్లకు రెండు సిలబస్సుల పుస్తకాల మొహాలూ తెలుసు. తమ్ముడిది సీబీఎస్ఈ, తనది స్టేట్. ఉత్తరానికి కావాల్సిన ముడిసరుకు మొత్తం ఆ పది నిమిషాల్లోనే దొరికింది.

నోట్‌బుక్ చివరి నాలుగు పేజీలు లిస్టుకు వదిలిపెట్టండి. వరస నంబరు, పేరు, పేజీ నంబరు, ఉత్తరం ఇచ్చిన తేదీ, మళ్లీ అడగాల్సిన తేదీ, ఏమైంది. అంతే. రంగుల స్టిక్కర్లు, హైలైటర్లు పెట్టి అందంగా చేయడం మీద రెండు రోజులు పోగొట్టుకున్న పిల్లల్ని చూశాను, ఆ టైము చోట్లు చూడటానికి వాడండి.

ఇరవై రెండు చోట్లు అక్కర్లేదు. ఎనిమిది చాలు, పదికి మించకండి. ఇంటి నుంచి నడిచి వెళ్లగలిగేవి కనీసం నాలుగు ఉండాలి. ఎండలో బస్సు మారి, మెట్రో మారి వెళ్లే పని మొదటి వారం సరదాగానే ఉంటుంది, మే నడిమికి వచ్చేసరికి ప్రాణం ఉసూరుమంటుంది. ప్రయాణం ఖర్చు పోను ఏం మిగులుతుందో కూడా ఆ పేజీలోనే లెక్క వేసుకోండి.

ఫోను, మెయిలు, కాగితాలు

ఇది ఒక మధ్యాహ్నం పని. మీ పేరుతో ఉన్న మెయిల్ ఐడీ ఒకటి తెరవండి. గేమ్ పేర్లు, హీరో పేర్లు ఉన్న ఐడీ నుంచి వచ్చిన ఉత్తరం తెరిచేటప్పుడే చదివేవాళ్లకు మనసు తగ్గిపోతుంది. వాట్సాప్ డీపీలో మీ మొహం స్పష్టంగా కనబడే మామూలు ఫోటో పెట్టండి.

ఉత్తరంలో ఇచ్చే నంబరు అమ్మదో నాన్నదో అయితే వాళ్లకు ముందే చెప్పండి. "ఎవరూ? ఏం కావాలి?" అని నాన్న కసిరితే అవతలివాళ్లు పెట్టేస్తారు. "ఇప్పుడు ఇంట్లో లేదండీ, అరగంటలో ఫోన్ చేయిస్తాను, మీ పేరు చెప్పండి" అంటే చాలు. ఫ్రిజ్ మీద ఒక చీటీ, పెన్ను పెట్టండి.

ఫోన్లో ఒక ఫోల్డర్ చేసి అందులో రెజ్యూమె, ఉత్తరాలు పీడీఎఫ్‌గా ఉంచండి. ఫైలు పేరులో మీ పేరు, ఆ చోటు పేరు ఉండాలి. "ఫైనల్", "ఫైనల్ 2", "కొత్త ఫైనల్" అని పెట్టుకుంటే ఏదో ఒక రోజు తప్పు ఫైలు వెళ్తుంది. మా అబ్బాయికి అదే జరిగింది. ఒక డ్రాయింగ్ క్లాసుకు వెళ్లాల్సిన మెయిల్‌కు వేరే సెంటర్ పేరున్న ఉత్తరం జతచేశాడు. "మీ సెంటర్ అంటే నాకు చాలా ఇష్టం" అని అందులో రాశాడు, పక్క వీధి సెంటర్ పేరుతో. ఆ మేడమ్ మర్యాదగానే జవాబిచ్చారు, పని మాత్రం ఇవ్వలేదు. వాడు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఆ తర్వాత నుంచి మా ఇంట్లో ఒక నియమం: పంపే ముందు జత చేసిన ఫైలును మెయిల్లోంచే తెరిచి, పేరు పైకి చదవాలి.

ఆధార్ కాపీ మొదటి ఉత్తరంతో ఎప్పుడూ పంపకండి. పని ఖాయమై, వయసు రుజువు అడిగినప్పుడు ఇవ్వొచ్చు. చివరి నాలుగు అంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ యూఐడీఏఐ వెబ్‌సైటులో డౌన్‌లోడ్ అవుతుంది, అది సరిపోతుందేమో ముందు అడగండి.

ఉత్తరం

బెంగళూరులో ఈ ఉత్తరం ఎక్కువగా ఇంగ్లీషులోనే వెళ్తుంది. కానీ రాయడం ఇంగ్లీషులో మొదలుపెట్టకండి. ముందు అమ్మకో అమ్మమ్మకో నోటితో చెప్పండి: "నేను ఆ షాపుకు ఎందుకు వెళ్తానంటే..." అని తెలుగులో. ఆ మాటలు ఫోన్లో రికార్డు చేసుకుని, అవే ఇంగ్లీషులో పెట్టండి. అలా చేస్తే "ప్రతిష్ఠాత్మక సంస్థ" అనే మాట రాదు, ఎందుకంటే పుస్తకాల షాపును అమ్మమ్మ ముందు ఎవరూ అలా అనరు.

చాట్‌జీపీటీ లాంటివాటిని గ్రామర్ సరిచేయడానికి వాడుకోండి. ఉత్తరమంతా దానితో రాయించకండి. పోయిన వేసవిలో ఒకే వారంలో నా టేబుల్ మీదికి వచ్చిన ఆరు ఉత్తరాలు దాదాపు ఒకే వాక్యంతో మొదలయ్యాయి. ఆ ఆరుగురూ తెలివైన పిల్లలే అయి ఉంటారు, కానీ ఎవరు ఎవరో నాకు తెలిసే దారి లేకపోయింది. ఏడో ఉత్తరం ఒక అబ్బాయి చేత్తో రాసినది. "మీ క్యాంపులో రెండేళ్ల క్రితం నేను స్టూడెంట్‌ని. మధ్యాహ్నం స్నాక్ టైములో చిన్నపిల్లలు నీళ్ల బాటిళ్లు మార్చుకుని ఏడ్చేవాళ్లు. పేర్లు రాసే పని నాకివ్వండి" అని ఉంది. అతన్ని పిలిచాం.

ఒక్క పేజీ, నాలుగు చిన్న పేరాలు. పక్క బ్లాకు అమ్మాయి చివరికి ఇచ్చిన ఉత్తరం ఇదీ. ఆమె ఇంగ్లీషులో రాసింది, నేను ఇక్కడ తెలుగులో చెబుతున్నాను:

"నమస్కారం అంకుల్. ఏప్రిల్ 17న మీ షాపుకు వచ్చి ఒక పెన్ను కొన్నాను. ఆ పది నిమిషాల్లో లిస్టులు పట్టుకుని ఆరుగురు వెనక నిలబడ్డారు. మే నెలలో ఇంకా రద్దీ ఉంటుందనిపించింది. లిస్టు చూసి పుస్తకాలు తరగతి వారీగా తీసిపెట్టే పనికి నన్ను తీసుకుంటారేమోనని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను స్టేట్ సిలబస్‌లో ఇప్పుడే పదో తరగతి పరీక్షలు రాశాను. మా తమ్ముడిది సీబీఎస్ఈ. మూడేళ్లుగా మా ఇద్దరి పుస్తకాలూ నేనే లిస్టు చూసి కొంటున్నాను, అట్టలు వేస్తున్నాను. మా అపార్ట్‌మెంట్ వినాయక చవితి చందాల పుస్తకం పోయిన ఏడాది నేను రాశాను. 64 ఇళ్ల లెక్క, చివర్లో రూపాయి తేడా రాలేదు. కన్నడ, తెలుగు, ఇంగ్లీషు బాగా మాట్లాడతాను, హిందీ అర్థమవుతుంది.

ఏప్రిల్ 28 నుంచి మే 30 వరకు, ఉదయం పదిన్నర నుంచి నాలుగున్నర దాకా రాగలను, మధ్యలో ఒక గంట విరామంతో. ఆదివారం సెలవు కావాలి. నాకు 16 ఏళ్లు. మా అమ్మానాన్నల అనుమతి ఉంది, అమ్మ నంబరు కింద ఇచ్చాను.

వచ్చే గురువారం ఉదయం పదకొండుకు ఒకసారి వచ్చి కలుస్తాను. ఆ టైము కుదరకపోతే ఈ నంబరుకు మెసేజ్ పెట్టండి."

దీన్ని కాపీ చేసుకోకండి, ఎలా కట్టిందో చూడండి. మొదటి పేరా మొత్తం షాపు గురించే. తన గురించి రెండో పేరాలో కానీ రాలేదు. అందులో కూడా "బాధ్యత గలదాన్ని" అనలేదు, 64 ఇళ్ల చందా లెక్క చెప్పింది. చదివేవాడే ఆ మాట అనుకుంటాడు.

"నాకు ఎక్స్‌పీరియన్స్ ఏమీ లేదు ఆంటీ" అని ప్రతి ఒక్కరూ అంటారు. నేను వాళ్లను కూర్చోబెట్టి అడిగే ప్రశ్నలు ఇవి: ఇంట్లో మీరు చేయకపోతే ఆగిపోయే పని ఏది? మీకంటే చిన్నవాళ్లకు ఏమైనా నేర్పారా? ఇంకొకరి డబ్బు ఎప్పుడైనా మీ చేతిలో ఉందా, లెక్క చెప్పారా? ఏ పనైనా మూడు నెలలు మానకుండా చేశారా? ఒక అబ్బాయి అరగంట ఏమీ లేదన్నాడు. చివరికి తాతయ్యకు షుగర్ మాత్రలు రోజూ డబ్బాలో సర్దేది తనేనని, ఏడాదిగా ఒక్క పూట తప్పలేదని బయటపడింది. ఆ ఒక్క వాక్యంతో క్లినిక్ ఫ్రంట్ డెస్కుకు ఉత్తరం రాశాం.

లేనిది రాయకండి. కన్నడ రాకపోయినా వచ్చని రాస్తే "కన్నడ బరుత్తా?" అని కౌంటర్ దగ్గర అడిగే మొదటి నిమిషంలోనే దొరికిపోతారు. "అర్థమవుతుంది, మాట్లాడటం నేర్చుకుంటున్నాను" అని రాస్తే ఎవరూ తప్పు పట్టరు.

మూడో పేరాలోని తేదీలు, గంటలు చాలామంది రాయరు. నా టేబుల్ దగ్గర అన్నిటికంటే ముందు నేను వెతికేది అవే. "సెలవుల్లో ఎప్పుడైనా రాగలను" అంటే నాకు ఏమీ తెలియదు. కాలేజీ ఎప్పుడు మొదలవుతుందో, ఊళ్లో పెళ్లికి ఏ మూడు రోజులు వెళ్లాలో ముందే రాస్తే నేను రోస్టర్ వేసుకోగలను. పెళ్లి దాచిపెట్టి, మధ్యలో చెప్పడం ఇద్దరికీ ఇబ్బంది.

చిన్న షాపుకు ఉత్తరం చేతికే ఇవ్వండి, ప్రింటయినా చేతిరాతయినా పరవాలేదు. ఉదయం పదకొండు ప్రాంతంలో వెళ్లండి, సాయంత్రం రద్దీలో వద్దు. అమ్మానాన్న తోడు వచ్చినా బయట ఆగాలి, మాట్లాడాల్సింది మీరే. సెంటర్లకు, క్లినిక్కులకు మెయిల్ చేస్తే సబ్జెక్టులో పని పేరు, మీ పేరు, ఏ తేదీ నుంచి రాగలరో పెట్టండి. ఉత్తరాన్ని మెయిల్లోనే రాసి, రెజ్యూమె జతచేయండి. ఖాళీ మెయిల్‌కు రెండు అటాచ్‌మెంట్లు తగిలించి పంపకండి. రాత్రి ఒంటిగంటకు రాసినా, షెడ్యూల్ పెట్టి పొద్దున తొమ్మిదిన్నరకు వెళ్లేలా చేయండి.

రెజ్యూమెలో టీచర్ పేరు ఇస్తే ముందు ఆ టీచర్ని అడగండి. అడగకుండా ఇస్తే, ఫోన్ వచ్చినప్పుడు "ఎవరా అబ్బాయి?" అనే ప్రమాదం ఉంది.

ఆదివారం ఒక గంట

ఉత్తరాలు వెళ్లాక చాలామంది పిల్లలు ఫోను చూస్తూ కూర్చుంటారు. టెన్షన్ పెరుగుతుంది తప్ప పని కదలదు. దానికి బదులు వారానికి ఒక గంట పెట్టుకోండి. ఆదివారం సాయంత్రం నోట్‌బుక్ చివరి పేజీలు తెరిచి, ఈ వారం ఎవరిని మళ్లీ అడగాలో చూసి, ఒక చీటీ మీద రాసి, అద్దానికి అతికించండి. సోమవారం నుంచి శనివారం దాకా ఆ చీటీ ప్రకారమే. మిగతా టైము మీది, క్రికెట్ ఆడుకోండి.

ఉత్తరం ఇచ్చిన ఏడు రోజులకు ఒకసారి అడగండి. "సార్, ఏప్రిల్ 19న సమ్మర్ క్యాంపు హెల్పర్ పనికి ఉత్తరం ఇచ్చాను. మీకు ఇంకా మనిషి అవసరం ఉందా? ఏప్రిల్ 28 నుంచి రాగలను" అంతే. ఇంకో వారానికి రెండోసారి. మూడోసారి వద్దు, ఆ పేజీ మీద అడ్డగీత గీసి ముందుకెళ్లండి. వాళ్లే ఒక రోజు చెప్పి ఉంటే ఆ రోజే, ఆ టైముకే చేయండి. అవెన్యూ రోడ్డు షాపాయన చెప్పిన సోమవారం దాటిపోయిందని ఆ అమ్మాయి ఫోన్ చేయడానికే భయపడింది. వెళ్లి "మీరు సోమవారం చేయమన్నారు, నేను మర్చిపోయాను, క్షమించండి" అని చెప్పి ఉత్తరం చేతికివ్వమన్నాను. ఆయన ఏమీ అనలేదు. కళ్లజోడు పెట్టుకుని ఉత్తరం మొత్తం నిలబడే చదివి, "పెన్ను కొన్న రోజు నేను నిన్ను చూడలేదే" అన్నాడట.

వద్దన్నవాళ్ల పేజీలు చింపకండి. ఎందుకు వద్దన్నారో ఒక లైను రాయండి. "ఇద్దర్ని తీసేసుకున్నాం" అన్నవాళ్లు ముగ్గురుంటే, వచ్చే ఏడాది మార్చిలోనే ఇవ్వాలని అర్థం. "18 నిండాలి" అన్నవాళ్లు ఎక్కువైతే చోట్ల ఎంపిక మార్చాలి. "ఇంత దూరం రోజూ వస్తావా?" అని ఇద్దరు అడిగితే ప్రయాణం గురించి ఉత్తరంలో ఒక వాక్యం కలపాలి.

డబ్బు, మోసాలు

ఇక్కడ అమ్మానాన్నలు పక్కనే కూర్చుని చదవాలి. పని ఇస్తామని ముందు డబ్బు అడిగితే, అది రిజిస్ట్రేషన్ అన్నా, కిట్ అన్నా, డిపాజిట్ అన్నా, అక్కడితో ఆపేయండి. టెలిగ్రామ్‌లో వీడియోలకు లైకులు కొట్టే పని, ఇంట్లో కూర్చుని డేటా ఎంట్రీ అంటూ వచ్చేవాటిలో మొదట రెండు మూడు వందలు నిజంగానే వేస్తారు, తర్వాత పెద్ద మొత్తం కట్టమంటారు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి, అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్. ఇలాంటప్పుడు ఇంట్లో తిడతారని పిల్లలు దాచిపెడతారు. తిట్టం, ముందు చెప్పు అని ఇంట్లో ఈ రోజే అనండి.

ఒరిజినల్ మార్క్స్ కార్డు ఎవరి దగ్గరా పెట్టకండి, పీయూసీ (ఇక్కడి ఇంటర్) అడ్మిషన్‌కు అదే కావాలి. బాండ్ల మీద సంతకం చేయకండి. 18 నిండని వాళ్లు చేసుకున్న ఒప్పందం 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం చెల్లదు, అయినా సంతకం పెట్టించుకుని బెదిరించేవాళ్లుంటారు.

జీతం ఎంత, రోజుకా నెలకా, ఏ తేదీన, చేతికా ఖాతాకా అన్నది మొదటి రోజుకు ముందే అడగాలి. నోటితో అడగడానికి మొహమాటమైతే, ఇంటికొచ్చి మెసేజ్ పెట్టండి: "అంకుల్, మనం అనుకున్నట్టు రోజుకు ఇంత, ప్రతి శనివారం, ఏప్రిల్ 28 నుంచి వస్తాను." ఆయన సరే అంటే అదే మీ కాగితం. పదేళ్లు దాటిన పిల్లలు సొంతంగా నడుపుకునే సేవింగ్స్ ఖాతాలు ఇవ్వడానికి ఆర్‌బీఐ బ్యాంకులకు 2014లోనే అనుమతిచ్చింది, పరిమితులు బ్యాంకును బట్టి ఉంటాయి. పనిలో చేరే ముందే ఒకటి తెరవండి.

పని మొదలయ్యాక అదే నోట్‌బుక్‌లో ఇంకో పేజీ. తేదీ, వెళ్లిన టైము, వచ్చిన టైము, అందిన డబ్బు. ఎక్కడైనా భయపెట్టినా, చేయి వేసినా, రాత్రి దాకా ఉంచినా ఇంట్లో చెప్పి ఆ రోజే మానేయండి. 1098 పిల్లల హెల్ప్‌లైన్, ఎప్పుడైనా చేయొచ్చు.

పని దొరికాక

జవాబు కోసం ఎదురుచూస్తున్న మిగతా చోట్లకు రెండు లైన్ల మెసేజ్ పెట్టండి: "నాకు వేరే చోట పని కుదిరింది, నా ఉత్తరం చదివినందుకు థాంక్స్." ఇది చేసేవాళ్లు నూటికి ఒకరు కూడా కనబడలేదు నాకు. చేసిన ఒకమ్మాయి పేరు మాత్రం మా సెంటర్‌లో ఇప్పటికీ గుర్తుంది, తర్వాతి వేసవిలో మేమే ఫోన్ చేశాం.

చివరి వారంలో ఎక్స్‌పీరియన్స్ లెటర్ అడగండి. చిన్న షాపుల్లో అలాంటిది రాసే అలవాటు ఉండదు, కాబట్టి మీరే నాలుగు లైన్లు టైప్ చేసుకుని తీసుకెళ్లండి: పేరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏం పని. కింద ఆయన సంతకం, షాపు స్టాంపు. పొగడ్తలు మీరు రాసుకోకండి, ఖాళీ గీత ఒకటి వదలండి. పక్క బ్లాకు అమ్మాయి అలాగే వదిలింది. మే 30 సాయంత్రం ఆయన ఆ గీత మీద కన్నడలో ఒక్క వాక్యం రాశాడు: ఈ అమ్మాయి తీసిపెట్టిన లిస్టుల్లో పుస్తకం మార్చుకోవడానికి తిరిగి వచ్చినవాళ్లు ఇద్దరే. ఆ కాగితం ఫోటో తీసి ఫోల్డర్‌లో పెట్టింది, ఒరిజినల్‌ను నోట్‌బుక్ అట్టకు లోపలి వైపు క్లిప్ పెట్టి ఉంచింది.